మోయగలిగే టెలిఫొటో జూమ్: మిల్లీమీటర్ల వెనకున్న లెక్క

రెండు లెన్సులు. రెండింటి మీదా 100-400 అనే రాసి ఉంటుంది, అంటే 100 నుంచి 400 మి.మీ. దాకా జూమ్. ఒకటి కానన్ ఆర్ఎఫ్ 100-400, బరువు 635 గ్రాములు. రెండోది నికాన్ జెడ్ 100-400, ట్రైపాడ్ కాలర్ (లెన్సుని ట్రైపాడ్‌కి బిగించే కడియం) తీసేసి తూచినా 1,355 గ్రాములు. ఒకే చోట నిలబడి ఒకే పిట్టని తీస్తే రెండింట్లోనూ పిట్ట ఒకే సైజులో పడుతుంది. మరి రెట్టింపు బరువు ఎందుకు మోయాలి? అక్కణ్నుంచి 600 మి.మీ. దాకా వెళ్దామంటే రెండు కిలోల లెన్సు ఎత్తాల్సి వస్తుంది. కానీ 500 దాకా వెళ్లే కానన్ ఆర్ఎఫ్ 100-500 మాత్రం కాలర్ లేకుండా 1,365 గ్రాములే, అంటే నికాన్ 100-400తో దాదాపు సమానం. 100 మి.మీ. అదనంగా వచ్చింది, బరువు మాత్రం పెరగలేదు.

వన్యప్రాణుల కోసం చేత్తో పట్టుకుని తిరగగలిగే జూమ్ కొనాలనుకునేవాళ్లు తికమకపడేది సరిగ్గా ఇక్కడే. లెన్సు మీద అన్నిటికన్నా పెద్దగా కనిపించేది ఫోకల్ లెంగ్త్ (ఆ మిల్లీమీటర్ల అంకె; అది పెరిగేకొద్దీ దూరపు ప్రాణి పెద్దగా పడుతుంది) కాబట్టి చూపంతా దాని మీదే నిలుస్తుంది. ఎంపిక మొదలవ్వాల్సింది అక్కడ కాదని నా నమ్మకం. మీరు తీయబోయే ప్రాణి మిమ్మల్ని ఎంత దగ్గరికి రానిస్తుంది? కెమెరాని కంటి దగ్గర మీరు ఎంతసేపు ఎత్తి పట్టుకోగలరు? ఈ రెండూ తేలితే లెన్సు చాలావరకు తేలిపోయినట్టే. అయితే వాటి జోలికి వెళ్లేముందు, ఈ బరువు ఎక్కణ్నుంచి వస్తోందో చూడాలి.

బరువు ఎక్కణ్నుంచి వస్తోంది?

ఫోకల్ లెంగ్త్‌ని ఎఫ్ నంబరుతో (ఎఫ్/5.6, ఎఫ్/8 అని లెన్సు మీద రాసి ఉండే అంకె) భాగించండి. వచ్చేది లెన్సులోకి వెలుతురు వచ్చే దారి వెడల్పు, మిల్లీమీటర్లలో. కానన్ 100-400 చివర, అంటే 400 దగ్గర, ఎఫ్/8. 400ని 8తో భాగిస్తే 50. నికాన్ చివర ఎఫ్/5.6, 400ని 5.6తో భాగిస్తే 71. ఆ రెండు లెన్సుల బరువుల్లో ఉన్న తేడాకి ప్రధాన కారణం ఈ రెండు అంకెలే. దారి వెడల్పైతే దాని ముందుండే గాజు వెడల్పవ్వాలి. వెడల్పైన గాజు మందంగానూ ఉంటుంది, దాన్ని పట్టి ఉంచే గొట్టం పెద్దదవుతుంది, కదిపే మోటారుకి బలం కావాలి. అందుకే వెడల్పు కొంచెం పెరిగితే బరువు చాలా పెరుగుతుంది.

ఈ లెక్క చేతిలో ఉంటే మార్కెట్లో ఉన్న జూమ్‌లన్నీ వాటంతట అవే వరసలో నిలబడతాయి. సోనీ 100-400 జీఎమ్ వెడల్పు 71, బరువు 1,395 గ్రాములు. కానన్ 100-500 చివర ఎఫ్/7.1, అంటే వెడల్పు 70. అందుకే బరువు కూడా అదే తరగతిలో ఉంది. 600 దగ్గర ఎఫ్/6.3 అంటే 95 మి.మీ. సోనీ 200-600 బరువు 2,115 గ్రాములు, నికాన్ 180-600 కాలర్‌తో కలిపి 2,140, సిగ్మా వాళ్లు మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని) కెమెరాల కోసం చేసిన 150-600 దాదాపు 2,100. మూడు కంపెనీలు విడివిడిగా తయారుచేసుకున్నా బరువులు ఒకచోటికే వచ్చి చేరాయి. 600 మి.మీ. ఎఫ్/4 ప్రైమ్ (జూమ్ లేని లెన్సు) అయితే వెడల్పు 150. అవి 3 కిలోల పైనే ఉంటాయి.

ఇంకో సంగతి గమనించండి. సెన్సర్ చిన్నదైతే లెన్సు చిన్నదవుతుందని గట్టిగా నమ్మేవాళ్లు చాలామంది. మైక్రో ఫోర్ థర్డ్స్ అనే చిన్న సెన్సర్ కోసం చేసిన ఒలింపస్ 100-400 చివర ఎఫ్/6.3, వెడల్పు 63, బరువు 1,120 గ్రాములు. ఫుల్ ఫ్రేమ్ అనే పెద్ద సెన్సర్ కోసం చేసిన సిగ్మా 100-400 వెడల్పు కూడా 63, బరువు దాదాపు 1,140. ట్యామ్రన్ 50-400 వెడల్పు మళ్లీ 63, బరువు 1,155. మూడింటికీ తేడా గుప్పెడు గ్రాములే. పానసోనిక్ 100-400 అదే వెడల్పుతో 985 గ్రాములకి దిగింది, ఈ మాత్రం హెచ్చుతగ్గులు ఉంటాయి. పెద్ద టెలిఫొటోల దగ్గర బరువుని నడిపించేది సెన్సర్ కన్నా వెలుతురు దారే.

ఆ దారి వెడల్పు మనకి ఇచ్చేదేమిటి? దూరాన ఉన్న పిట్ట ఒంటి మీంచి బయల్దేరిన వెలుతురులో మన లెన్సు ఎంత పట్టుకుంటుందో చెప్పేది అదే. 50తో పోలిస్తే 71 మి.మీ. దారిలోంచి రెట్టింపు వెలుతురు దూరుతుంది, ఎందుకంటే లెక్కకి వచ్చేది వైశాల్యం. 71 నుంచి 95కి వెళ్తే ఇంకో 1.8 రెట్లు. పొద్దు వాలుతున్నప్పుడు ఈకల మధ్య గీతలు కనిపిస్తాయా, గ్రెయిన్‌లో (ఫొటో మీద ఇసక చల్లినట్టు కనిపించే చుక్కల్లో) కలిసిపోతాయా అన్నది ఈ వెడల్పు మీద ఆధారపడి ఉంటుంది. మీరు మోస్తున్న బరువుకి ప్రతిఫలం ఇదే.

లకుముకిపిట్ట దగ్గర 400, 600

చిన్న లకుముకిపిట్టని తీసుకుందాం. ముక్కు నుంచి తోక దాకా దాదాపు 16 సెంటీమీటర్లు. అది 16 మీటర్ల దూరంలో కొమ్మ మీద కూర్చుందనుకోండి. లెక్క తేలిక: 400 మి.మీ. లెన్సు ఆ పిట్టని సెన్సర్ మీద 4 మి.మీ. పొడవున గీస్తుంది. 600 అయితే 6 మి.మీ. ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ ఎత్తు 24 మి.మీ. కాబట్టి 400తో పిట్ట ఫ్రేము ఎత్తులో ఆరో వంతు, 600తో నాలుగో వంతు. రెండింట్లోనూ పిట్ట చిన్నదే. 600 కొంటే ఫ్రేము నిండిపోతుందని ఆశపడేవాళ్లు ఈ లెక్క ముందే వేసుకోవాలి.

ఇప్పుడు పిక్సెల్స్ చూద్దాం. 24 మెగాపిక్సెల్ ఫుల్ ఫ్రేమ్ కెమెరాలో ఒక్కో మిల్లీమీటరుకి సుమారు 167 పిక్సెల్స్ పడతాయి. 4 మి.మీ. పిట్టకి దాదాపు 670 పిక్సెల్స్ దక్కుతాయి. 45 మెగాపిక్సెల్ కెమెరాలో అదే పిట్ట మీద 920. ఏపీఎస్-సీ అనే మధ్య సైజు సెన్సర్ ఉన్న 24 మెగాపిక్సెల్ కెమెరాలో 1,020. 20 మెగాపిక్సెల్ మైక్రో ఫోర్ థర్డ్స్‌లో 1,200. పిట్ట బొమ్మ అన్నిట్లోనూ 4 మి.మీ.యే, చిన్న సెన్సర్ల మీద పిక్సెల్స్ దగ్గరదగ్గరగా పేర్చి ఉండటం వల్ల ఎక్కువ పిక్సెల్స్ దానికిందకి వస్తున్నాయి. "400 అంటే ఇందులో 800తో సమానం" అని మైక్రో ఫోర్ థర్డ్స్ కెమెరాలు అమ్మేటప్పుడు చెప్పే మాటలో నిజం ఉన్నది ఇంతవరకే. వెలుతురు మాత్రం లెన్సు పట్టినంతే. కాబట్టి ఎండ బాగా ఉన్నప్పుడు చిన్న సెన్సర్ నిజంగానే దూరాన్ని దగ్గర చేస్తుంది. వెలుతురు తగ్గేకొద్దీ ఆ లాభం కరిగిపోతుంది.

అన్నిటికన్నా పెద్ద అంకె ఈ లెక్కలో దూరమే. అదే పిట్ట దగ్గరికి 16 మీటర్ల నుంచి 11 మీటర్లకి జరగగలిగితే, 400 మి.మీ. లెన్సు 580 మి.మీ. లెన్సు చేసే పని చేస్తుంది. వెలుతురు కూడా రెట్టింపుకి మించి వస్తుంది, పైగా మధ్యలో గాలి తక్కువ. అయిదు మీటర్లు జరగడమా, 700 గ్రాములు అదనంగా మోయడమా అన్నది ఇక్కడ అసలు ప్రశ్న. దీనికి అందరికీ ఒకే జవాబు ఉండదు. నీటి ఒడ్డున పిట్టల పొద్దుటి వేళలు, అవి వాలే కొమ్మలు తెలిసి, ముందే వచ్చి కదలకుండా కూర్చోగలిగినవాళ్లకి 400 చాలాసార్లు సరిపోతుంది. బాట దిగి అడుగు పెట్టకూడని చోట, వాహనం దిగకూడని చోట జరగడమన్న మాటే లేదు; అక్కడ లెన్సే జరగాలి. గూడు దగ్గర కూడా అంతే. తల్లిపిట్ట మెడ సాచి చూడటం మొదలుపెట్టిందంటే మనం అప్పటికే ఎక్కువ దగ్గరికి వచ్చేశామన్నమాట. ఫొటో వదిలేసి వెనక్కి తగ్గడం తప్ప ఇంకో దారి లేదు.

పెద్ద ప్రాణుల లెక్క వేరు. దాదాపు 90 సెం.మీ. ఉండే నారాయణ పక్షి 30 మీటర్ల దూరంలో ఉంటే 400 మి.మీ. లెన్సు దాన్ని 12 మి.మీ. ఎత్తున, అంటే సరిగ్గా సగం ఫ్రేములో చూపిస్తుంది. చుట్టూ నీళ్లు, రెల్లుగడ్డి కూడా వస్తాయి, అంతకన్నా కోరుకునేది లేదు. మూడు మీటర్ల ఏనుగు 15 మీటర్ల దూరంలోకి వచ్చిందంటే 200 మి.మీ. దగ్గర కూడా ఫ్రేములో పట్టదు. 100కి వెనక్కి రావాలి. 200-600 కొనుక్కున్నవాళ్లు ఇబ్బందిపడేది ఇక్కడే. జూమ్ రెండో చివర గురించి అందరూ మాట్లాడతారు గానీ మొదటి చివర కూడా ఫొటోలు దక్కిస్తుంది, పోగొడుతుంది.

ఎఫ్/7.1 అంటే చీకటేనా?

కానన్ 100-500 వచ్చిన 2020 నుంచి దాని మీద వినిపిస్తున్న ఫిర్యాదు ఒకటే: చివర్లో ఎఫ్/7.1, మరీ చీకటి. ఇందులో సగం నిజం ఉంది. ఏ సగమో విడదీసి చూడాలి.

పిట్ట చిన్నది, దూరంగా ఉంది, ఎలాగూ ఫొటోని కత్తిరించాల్సిందే అనుకోండి. 400 ఎఫ్/5.6 లెన్సు వెడల్పు 71, 500 ఎఫ్/7.1 లెన్సు వెడల్పు 70. పిట్ట నుంచి రెండూ పట్టే వెలుతురు ఒకటే. 500 వాడినప్పుడు కెమెరా ఐఎస్ఓ (వెలుతురు చాలనప్పుడు కెమెరా ఫొటోని ఎంత వెలిగిస్తోందో చెప్పే అంకె) ఎక్కువ చూపిస్తుంది, నిజమే. కానీ 400తో తీసినదాన్ని అంతే సైజుకి కత్తిరించి పక్కపక్కన పెడితే గ్రెయిన్ దాదాపు సమానంగా ఉంటుంది. 500తో తీసినదానిలో పిట్ట మీద ఎక్కువ పిక్సెల్స్ ఉంటాయి. కాబట్టి దూరపు చిన్న పిట్టల దగ్గర ఎఫ్/7.1 అంటే భయపడాల్సిన పనేమీ లేదు.

ఇక రెండో సగం. లేడి దగ్గర్లోనే ఉంది, 300తోనే ఫ్రేము నిండిపోతోంది. అప్పుడు మీకు అదనపు ఫోకల్ లెంగ్త్ అక్కర్లేదు, ఆ 300 దగ్గర ఎఫ్ నంబరు ఎంత అన్నదే లెక్క. అక్కడ ఎఫ్/4.5 లేదా ఎఫ్/5 ఇచ్చే లెన్సు గెలుస్తుంది. వెనకనున్న చెట్లు ఇంకొంచెం మెత్తగా కరుగుతాయి కూడా. అందుకే లెన్సు పెట్టె మీద ఉన్న రెండు అంకెలతో సరిపెట్టుకోకుండా, మధ్యలో ఎక్కడెక్కడ అపెర్చర్ (వెలుతురు వచ్చే రంధ్రం) తగ్గుతోందో చూడాలి. కానన్ 100-500 అయితే 400 దగ్గరికి వచ్చేసరికి ఎఫ్/6.3లో ఉంటుంది, 100-400 ఎఫ్/5.6 లెన్సుతో పోలిస్తే అక్కడ మూడో వంతు స్టాప్ తక్కువ (ఒక స్టాప్ అంటే వెలుతురు సగమవడం లేదా రెట్టింపవడం). అది పెద్ద తేడా కాదు. ఎఫ్/8 లెన్సు దగ్గరికి వస్తే ఒక పూర్తి స్టాప్. ఐఎస్ఓ 1600తో అయ్యే ఫొటోకి 3200 కావాలి, 3200తో అయ్యేదానికి 6400. ఈమధ్య వచ్చిన నాయిస్ తగ్గించే సాఫ్ట్‌వేర్లు ఈ బాధని చాలావరకు తగ్గించాయి. అయితే అవి ఉన్న వివరాన్ని కాపాడతాయి గానీ, అసలు పడని ఈక గీతల్ని నమ్మదగ్గట్టు పుట్టించలేవు.

ఇన్నాళ్లూ ఇలాంటి లెన్సులు ఎందుకు రాలేదని అడగొచ్చు. డీఎస్ఎల్ఆర్‌లలో, అంటే లోపల అద్దం ఉండే పాత తరహా కెమెరాల్లో, ఆటోఫోకస్ కోసం అద్దం కింద విడిగా ఒక సెన్సర్ ఉండేది. అది ఎఫ్/5.6 దాకా వచ్చే వెలుతురుని దృష్టిలో పెట్టుకుని తయారైంది. మంచి కెమెరాల్లో కొన్ని పాయింట్లు మాత్రమే ఎఫ్/8 దగ్గర పనిచేసేవి. వ్యూఫైండర్ కూడా మసకబారేది. దాంతో లెన్సు తయారీదారులు ఎఫ్/5.6, మహా అయితే ఎఫ్/6.3 దాటే సాహసం చేయలేదు. మిర్రర్‌లెస్ వచ్చాక ఫోకస్ పని ఫొటో తీసే సెన్సర్ మీదకే వచ్చేసింది, ఆ గీత చెరిగిపోయింది. 2020లో కానన్ ఎఫ్/11 దగ్గర కదలని అపెర్చర్‌తో 600, 800 ప్రైమ్‌లు తెచ్చింది. 2021లో 635 గ్రాముల 100-400, 2023లో చివర ఎఫ్/9 ఉండే 200-800 వచ్చాయి. తేలికపాటి టెలిఫొటోలు వరసగా రావడం వెనక కొత్త గాజు కన్నా ఈ ఫోకస్ మార్పు పాత్రే ఎక్కువ. ఇంకా డీఎస్ఎల్ఆర్ వాడుతున్నవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. ముఖ్యంగా టెలికన్వర్టర్ (లెన్సుకీ కెమెరాకీ మధ్య బిగించి ఫోకల్ లెంగ్త్ పెంచే పరికరం) కొనేముందు.

చేతిలోకి వచ్చాక

బరువు ఒక అంకె, చేతికి తెలిసేది ఇంకొకటి. 2.1 కిలోల లెన్సుకి 700 గ్రాముల కెమెరా తగిలిస్తే 2.8 కిలోలు. ఎత్తి ఒక ఫొటో తీసి దించేయడం ఎవరికీ కష్టం కాదు. కానీ పిట్టల ఫొటోగ్రఫీ అలా సాగదు. లకుముకి దూకుతుందని కంటి దగ్గర పెట్టుకుని ఎదురుచూడాలి. అది దూకే క్షణానికి మీ మోచెయ్యి వణుకుతూ ఉంటే, లేదా అప్పుడే చెయ్యి దించి ఉంటే, 600 మి.మీ. ఉన్నా లేనట్టే. 1.4 కిలోల లెన్సుతో అంత కన్నా ఎంతో ఎక్కువసేపు నిలబడొచ్చు. తేలిక లెన్సులకి నేను ఇచ్చే మొదటి మార్కు ఇందుకే. నడక తేలికవ్వడం రెండోది.

జూమ్ తిప్పితే లెన్సు బయటికి సాగుతుందా, లోపలే కదులుతుందా అన్నది చాలామంది ఆలస్యంగా పట్టించుకునే విషయం. సోనీ 200-600, నికాన్ 180-600, ఫుజీ 150-600 సాగవు. తూకం మారదు, రెండు వేళ్లతో జూమ్ తిరుగుతుంది, దుమ్ము లోపలికి పీల్చుకునే అవకాశం తక్కువ. కానీ ఎప్పుడూ పూర్తి పొడవులోనే ఉంటాయి: సోనీది 318 మి.మీ. సోనీ 100-400 మడిచినప్పుడు 205, కానన్ 100-500 దాదాపు 208, నికాన్ 100-400 222. అంటే మామూలు భుజం సంచిలో నిలువుగా దిగిపోతాయి. సాగే లెన్సుల్లో ముందుభాగం బయటికి పోయినప్పుడు బరువు ముందుకి జరుగుతుంది. ఎడమచెయ్యి కూడా వెంటనే ముందుకి జరగాలి. కొన్ని రోజుల్లో అలవాటవుతుంది. నా ఎంపిక చెప్పమంటే, నడిచేవాళ్లకి మడిచే లెన్సు, కూర్చుని తీసేవాళ్లకి సాగని లెన్సు.

కాలర్ గురించి ఒక మాట. ట్రైపాడ్ వాడనివాళ్లు కాలర్ తీసేస్తే నూట యాభై గ్రాముల దాకా తగ్గుతుంది. కానీ రెండు కిలోల లెన్సుకి మాత్రం కాలర్ పాదం ఉంచుకోవాలి. పట్టీని కెమెరాకి కాకుండా ఆ పాదానికి తగిలిస్తే బరువంతా కెమెరా మౌంట్ (లెన్సు బిగించే చోటు) మీద వేలాడదు. నడిచేటప్పుడు పట్టుకోవడానికి కూడా అదే పిడి.

స్టెబిలైజేషన్ (చేతి వణుకుని సరిచేసే ఏర్పాటు) విషయంలో ఆశలు కొంచెం ఎక్కువగా ఉంటాయి. అయిదు స్టాపులు అని రాసి ఉంటే, 1/500 సెకను దగ్గర తీయాల్సినదాన్ని 1/15 సెకను దగ్గర తీయొచ్చని అర్థం. కదలకుండా కూర్చున్న గుడ్లగూబ దగ్గర అది వరమే. పిట్ట తల తిప్పినా, గాలికి కొమ్మ ఊగినా ఏ స్టెబిలైజేషనూ ఆపలేదు, ఎందుకంటే అది ఆపేది మన చేతి వణుకుని, ప్రాణి కదలికని కాదు. ఎగిరే పిట్టకి 1/2000 కావాలి, చిన్న పిట్టలు గిరగిరా తిరుగుతుంటే 1/3200. అక్కడ ఉపయోగపడేది వెలుతురు దారే. స్టెబిలైజేషన్ ఇంకో మేలు చేస్తుంది గానీ దాని గురించి ఎవరూ పెద్దగా చెప్పరు: వ్యూఫైండర్‌లో బొమ్మ నిలకడగా ఉంటుంది కాబట్టి ఫోకస్ పాయింట్ పిట్ట కంటి మీద నిలపడం తేలికవుతుంది.

ఫోకస్ వేగానికి సంబంధించి, గొట్టం పక్కనుండే లిమిటర్ మీట ఉందో లేదో చూడండి. దగ్గరి దూరాల్ని లెక్కలోంచి తీసేస్తే, పిట్ట తప్పిపోయినప్పుడు లెన్సు ఈ చివర నుంచి ఆ చివరకి వెతుక్కుంటూ పోకుండా ఉంటుంది. రెల్లుగడ్డి మధ్య ఎగిరే పిట్టల దగ్గర దీని విలువ తెలుస్తుంది.

పిట్టలు లేనప్పుడు

మధ్యాహ్నం పిట్టలు నీడకి పోయాక సీతాకోకచిలుకలు, తూనీగలు, తొండలు ఉంటాయి. 100-400 తరగతి లెన్సులు ఇక్కడ ఒక్కసారిగా వేరే లెన్సులైపోతాయి. సోనీ 100-400 98 సెం.మీ. దూరం నుంచి ఫోకస్ చేసి తూనీగని అసలు సైజులో 0.35 వంతు దాకా చూపిస్తుంది. నికాన్ 100-400 0.38, తేలికైన కానన్ 100-400 ఏకంగా 0.41. సోనీ 200-600 అయితే 2.4 మీటర్లు వెనక్కి జరగాలి, దొరికేది 0.2 మాత్రమే. ఒకటే లెన్సుతో రోజంతా తిరిగేవాళ్లకి ఇది చిన్న విషయం కాదు. తూనీగ రెక్క మీద నరాల గూడు, కంటి మీద నీలం మెరుపు, మాక్రో లెన్సు లేకుండానే, అది బెదరనంత దూరం నుంచి దక్కుతాయి.

అదే మధ్యాహ్నం దూరపు ఫొటోల్ని గాలి పాడుచేస్తుంది. ఎండ ఎక్కాక నేల మీద గాలి వేడెక్కి కదులుతుంటుంది. వంద మీటర్ల అవతలి జింక అంచులు నీళ్లలో చూస్తున్నట్టు వంకరపోతాయి. ఫోకస్ తప్పిందనుకుంటాం, లెన్సు బాగాలేదనుకుంటాం. ఎంత పదునైన లెన్సైనా అంతే, పైగా ఫోకల్ లెంగ్త్ పెరిగేకొద్దీ ఈ వంకర ఇంకా పెద్దదిగా కనిపిస్తుంది. చల్లటి కారు కిటికీ దించి బయటి వేడి గాలిలోకి లెన్సు పెట్టినా ఇదే జరుగుతుంది; కాసేపు ఆగాలి, ఒక్కోసారి హుడ్ (లెన్సు ముందు తొడిగే గొట్టం) తీసేస్తే మెరుగవుతుంది. 600 నుంచి 800కి వెళ్దామనుకునేవాళ్లు తాము తీసే దూరాల్లో పొద్దుటి గంటలు దాటాక గాలి ఎలా ఉంటుందో ముందు చూసుకుంటే మంచిది.

టెలికన్వర్టర్ వల్ల వెలుతురు దారి వెడల్పు మారదు. 400 ఎఫ్/5.6కి 1.4 రెట్లది తగిలిస్తే 560 ఎఫ్/8; భాగిస్తే మళ్లీ 70. కొత్త వెలుతురు రాదు, పిక్సెల్స్ వస్తాయి. 45 మెగాపిక్సెల్ కెమెరా ఉన్నవాళ్లకి మామూలుగా కత్తిరించుకోవడమే సులువు. కానన్ 100-500కి కన్వర్టర్ పెడితే 300 కన్నా వెనక్కి జూమ్ రాదు, మడిచి సంచిలో పెట్టడమూ కుదరదు. మోయడానికి వీలుగా ఉండటమే ఆ లెన్సు గొప్పతనం. కన్వర్టర్ దాన్నే తీసేస్తుంది.

సిగ్మా, ట్యామ్రన్ లెన్సులు పదునులో వెనకబడి లేవు. సోనీ కెమెరాల మీద వాటికి రెండు హద్దులున్నాయి: సెకనుకి 15 ఫ్రేముల దగ్గర ఆగిపోతాయి, సోనీ టెలికన్వర్టర్లు వాటికి పనిచేయవు. అంతకన్నా వేగంగా తీయని కెమెరా ఉన్నవాళ్లకి మొదటి హద్దు తగలదు. వాన, దుమ్ముల నుంచి రక్షణ ఏ లెన్సుకి ఎంత ఉందో చూసుకోవాలి. 635 గ్రాముల కానన్‌కి అది లేదు.

ఏది ఎవరికి?

ఎక్కువ దూరం నడుస్తూ, ఎదురైన ప్రాణినల్లా తీసేవాళ్లకి 70 మి.మీ. వెడల్పు, 1.4 కిలోల తరగతే సరైనదని నేను గట్టిగా చెబుతాను. 100-400 ఎఫ్/5.6 గానీ, 100-500 గానీ. ఏనుగు నుంచి తూనీగ దాకా వదలదు, సాయంత్రపు వెలుతురులోనూ నిలబడుతుంది, రోజంతా చేతిలోనే ఉంటుంది. వీటిలో 500 దాకా వెళ్లేదానికే నా ఓటు, కానీ కెమెరా మౌంట్ ఏదైతే లెన్సు అదే అవుతుంది కాబట్టి ఈ ఒక్క 100 మి.మీ. కోసం కంపెనీ మారడం అనవసరం.

కనుమరుగుగా కూర్చునే గుడారంలోంచో, వాహనంలోంచో, నీటి ఒడ్డున ఒకే చోటి నుంచో తీసేవాళ్లు, అందులోనూ చిన్న పిట్టలే లోకంగా ఉన్నవాళ్లు 95 మి.మీ. వెడల్పు ఉన్న 600లకి వెళ్లాలి. మోనోపాడ్ (ఒంటికాలి స్టాండు) తోడుంటే రెండు కిలోలు భారం కాదు. చేత్తోనే పట్టుకుంటామన్నవాళ్లు ముందు చిన్న పరీక్ష చేసుకోవచ్చు: 2.8 కిలోల బరువున్న సంచిని రెండు చేతులతో కంటి ఎత్తులో పట్టుకుని, వణుకు ఎప్పుడు మొదలవుతుందో చూడటం. లకుముకి ఎదురుచూపు దానికన్నా పొడవుగానే ఉంటుంది.

ఇప్పుడే మొదలుపెడుతున్నవాళ్లకి, లేదా ఫొటోగ్రఫీ కన్నా నడకే ముఖ్యమైనవాళ్లకి 600 గ్రాముల తరగతి ఉంది. కానన్ 100-400 ఎఫ్/8, సోనీ ఏపీఎస్-సీ 70-350 (625 గ్రాములు), ఫుజీ 70-300 (580 గ్రాములు). పగటి వెలుతురులో వీటితో తీసినవాటిని చూసి లెన్సు చిన్నదని ఎవరూ చెప్పలేరు. పొద్దుగుంకాక తేడా తెలుస్తుంది. ఏపీఎస్-సీ కెమెరా మీద వీటిని పెట్టి ఒక ఏడాది తిరిగితే మీకు కావాల్సిన దూరం, వెలుతురు ఎంతో మీకే స్పష్టంగా అర్థమవుతుంది. అప్పుడు కొనే పెద్ద లెన్సు ఊహ మీద ఆధారపడదు.

ఏది కొన్నా, తిరిగి ఇచ్చే గడువు దాటకముందే దాన్ని పరీక్షించాలి. ఒకే మోడల్‌లో ఒక్కో లెన్సు ఒక్కోలా ఉండటం జూమ్‌లలో మామూలే. పొద్దున్నే, గాలి చల్లగా ఉన్నప్పుడు, 10-15 మీటర్ల దూరంలో ఇటుక గోడ లాంటి గరుకైన చదును వస్తువుని చూసుకోండి. కెమెరాని దానికి ఎదురుగా నిటారుగా, ట్రైపాడ్ మీద నిలిపి, స్టెబిలైజేషన్ ఆపి, టైమర్‌తో చివరి ఫోకల్ లెంగ్త్ దగ్గర తీయండి. అపెర్చర్ పూర్తిగా తెరిచి ఉంచండి, ఎందుకంటే బయట వాడేది దాన్నే. నాలుగు మూలలూ ఒకదానితో ఒకటి పోల్చండి. మూలలన్నీ కొంచెం మెత్తగా ఉంటే ఫరవాలేదు. ఒక పక్క పదునుగా, ఎదుటి పక్క మసకగా ఉంటే లోపల గాజు సరిగా కూర్చోలేదని అర్థం, మార్చి తీసుకోండి. ముందు గాజుకి చవక ఫిల్టరు ఏదైనా బిగించి ఉంటే పరీక్షకి ముందే తీసేయాలి. పొడవాటి ఫోకల్ లెంగ్త్‌ల దగ్గర నాసిరకం ఫిల్టరు ఒక్కటే మంచి లెన్సుని చెడ్డ లెన్సులా చూపించగలదు. ముందు గాజుకి రక్షణగా ఉంచాలనుకుంటే, హుడ్ ఆ పని ఇంకా బాగా చేస్తుంది.